పిట్టకు పెట్టడానికి సెయింట్ బాథన్స్ దాకా

న్యూజిలాండ్‌లో కాకులు లేవు. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. పిచ్చుకలు ఉన్నాయి, బాతులు ఉన్నాయి, ఇంటి వెనక కోళ్ళు కూడా ఉన్నాయి. కాకి మాత్రం లేదు. నేను పోయిన పనికి కావలసింది అదొక్కటే.

మా జగిత్యాల వైపు మనిషి పోతే పిట్టకు పెడతాం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, ఊరి బయట ఉంచి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు నోట్లో పెట్టకూడదు. కాకి రాలేదంటే పోయినవాళ్ళ మనసులో ఏదో రంది, తీరని దిగులు మిగిలిపోయిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. నీ పిల్లలను మేం చూసుకుంటాం, నీ చెలక భూమి అమ్మం, నువ్వు నిమ్మళంగా తిను అని. ఆ మనిషికి కావలసిన మాట పడినప్పుడు కాకి దిగుతుంది.

నా బిడ్డ స్వప్న డునెడిన్‌లో పోయింది. ఆసుపత్రిలో నర్సుగా తిరిగిన పిల్ల అదే ఆసుపత్రిలో మంచం పట్టింది. రొమ్ములో గడ్డ. అప్పటికి నాకు పాస్‌పోర్టు కూడా లేదు. దహనం ఫోనులో చూశాను. అందుకే సంవత్సరీకానికి ఎలాగైనా పోవాలని పోయాను.

ఇంకొక పని కూడా ఉంది. స్వప్న కూతురు ఆద్యకు ఆరేళ్ళు. దాన్ని నా వెంట తెచ్చుకుని పెంచుకోవాలి. అల్లుడు శ్రీకాంత్ ఒక గోదాములో రాత్రి డ్యూటీ చేస్తాడు. పిల్లను పక్క ఫ్లాట్‌వాళ్ళ ఇంట్లో పడుకోబెట్టి పోతాడు. పైగా ముప్పై ఆరేళ్ళవాడు, ఇవాళ కాకపోతే రేపు ఇంకొక పెళ్ళి చేసుకుంటాడని మా వాడకట్టు ఆడవాళ్ళందరూ అన్నారు. ఫోనులో అడిగితే వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. "నీ ఇష్టం అత్తమ్మా" అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకున్నాడంటే బరువు దించుకోవాలనే చూస్తున్నాడు అనుకున్నాను. తిరుగు ప్రయాణానికి పిల్లకు కూడా టికెట్ కొనేశాం. బీడీలు చుట్టి ఒక పిల్లను నర్సును చేసినదాన్ని, ఇంకొక పిల్లను సాదలేనా?

డునెడిన్

మోదుగాకుల విస్తర్లు నేనే కుట్టి, చీరల మధ్య పెట్టి తీసుకుపోయాను. ఆక్లాండ్‌లో విమానం దిగగానే తీసేసుకున్నారు. ఎండుటాకు కూడా వాళ్ళ దేశంలోకి రాకూడదట. ఆ అమ్మాయి నవ్వుతూ, సారీ చెబుతూ డబ్బాలో వేసింది. సారీ చెప్పుకుంటూ చేసే పని మీద నాకు కోపం ఎక్కువ. తిట్టి తీసుకుంటే తిరిగి తిట్టవచ్చు, నవ్వితే ఏం చేస్తాం.

డునెడిన్ అంతా ఎత్తుపల్లాల ఊరు. కొన్ని వీధులు గోడకు నిచ్చెన వేసినట్టు నిలువుగా ఉంటాయి. కూరగాయల సంచి పట్టుకుని ఎక్కితే గుండె నోట్లోకి వస్తుంది. ఇళ్ళు చెక్కతో కడతారు. మనకు ఎండలు మండే ఏప్రిల్‌లో అక్కడ ఆకులు రాలి చలి మొదలవుతుంది. బయటికంటే ఇంట్లోనే చలి ఎక్కువ. వేడి గాలి కొట్టే మిషను ఉంది గానీ, కరెంటు బిల్లు చూసిన రోజు నుంచి నేను దాన్ని ఆర్పేసి ఇద్దరికీ రెండేసి స్వెట్టర్లు తొడిగించాను.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు, అక్కడ పిట్టలు ఎలా వస్తాయో చూద్దామని గుప్పెడు అన్నం పట్టుకుని ముగ్గురం సముద్రం ఒడ్డుకు పోయాం. సీగల్ అనే పిట్టలు ఉంటాయక్కడ. తెల్లటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, కొట్లాటకు దిగే గొంతు. నేను అన్నం కింద పెట్టడానికి వంగానో లేదో ఒక గుంపు వచ్చి మీద పడింది. చెయ్యి వెనక్కి లాక్కునే లోపల అంతా ఊడ్చిపెట్టేశాయి.

"ముట్టినయ్ కద అత్తమ్మా" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా.

"దీన్ని ముట్టుడంటరా? దోచుకునుడంటరు. ఎవల పేరు మీద పెడుతున్నమో చెప్పనిచ్చినయా?"

"అమ్మమ్మా, అవి ఎవ్రీబడీ చిప్స్ కూడా తింటయ్" అంది ఆద్య.

"చూసినవా. చిప్స్ తినేటి పిట్టకు నా బిడ్డ రంది ఏమెరుక?"

అప్పుడు చెప్పాడు శ్రీకాంత్. లోపలి జిల్లాలో నల్లటి పిట్టలు ఉంటాయట. మాగ్‌పై అంటారట. "కాకంతనే ఉంటది. మీద కొంచెం తెలుపు. మేము వచ్చిన కొత్తల స్వప్న, నేను సెయింట్ బాథన్స్ అని ఒక ఊరికి పోయినం. ఆడ మస్తు ఉండె. ఆ చెరువు దాని పాణానికి నచ్చింది. మళ్ళ పోదాం మళ్ళ పోదాం అంటనే ఉండె."

"మరి మళ్ళ పోయినరా?"

"లేదు. డ్యూటీలు కలువకపోతుండె."

అయితే అక్కడికే పోదామన్నాను.

కొండదారి

అక్కడ బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. కానీ హారన్ మోగదు. ముందు గొర్రెల మంద అడ్డం వచ్చినా బండి ఆపుకుని మంద దాటేదాకా కూర్చుంటారు. సముద్రం పక్క దారి విడిచి లోపలికి తిరగగానే చెట్లు తగ్గిపోయాయి. ఎటు చూసినా ఎండుగడ్డి రంగు బోడికొండలు, ఒకదాని వెనక ఒకటి, పడుకున్న దున్నపోతుల వీపుల్లా. ఎంత దూరం పోయినా ఇల్లు కనపడదు, మనిషి కనపడడు. స్వప్న ఇన్నేళ్ళు ఇంత ఖాళీలో ఎలా ఉందో అనుకున్నాను. మా ఇంట్లో అయితే గోడకు అటువైపు దగ్గితే ఇటువైపు నీళ్ళు కావాలా అని అడుగుతారు.

దారి పక్కన ఒక బల్ల మీద గుడ్ల డబ్బాలు, ఆపిల్ సంచులు పెట్టి ఉన్నాయి. అమ్మే మనిషి లేడు. ధర రాసిన పలక, డబ్బులు వేయడానికి ఒక ఇనుప డబ్బా ఉన్నాయి, అంతే. ఆపిల్ సంచి నాలుగు డాలర్లు. దుకాణంలో కంటే చవక అని రెండు కొన్నాను. డబ్బా కిందికి కట్టేసి ఉందా అని పట్టి లాగి చూశాను. ఉత్తగానే పెట్టారు. శ్రీకాంత్ కారులోంచి, "అత్తమ్మా, కెమెరా ఉంటది" అని నవ్వాడు. నేను ఆ దేశం చేరిన తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి.

వంకరల దారి మొదలైన కొంతసేపటికి వెనక సీట్లో నా పక్కన ఉన్న ఆద్య ముఖం పాలిపోయింది. "నాన్నా, టమ్మీ..." అంది. శ్రీకాంత్ బండిని పక్కకు తీసి ఆపి, దిగి, తలుపు తీసి, రెండు చేతులూ దోసిలి పట్టాడు. పిల్ల ఆ దోసిట్లోనే కక్కింది. నేను సంచిలో కవరు వెతుకుతూనే ఉన్నాను. వాడు ముఖం చిట్లించలేదు, చెయ్యి వెనక్కి తీయలేదు. అయిపోయాక గడ్డిలో చేతులు తుడుచుకుని, సీసా నీళ్ళతో ముందు పిల్ల మూతి కడిగాడు, తర్వాత తన చేతులు.

నేను చాలామంది తండ్రులను చూశాను. పిల్ల కక్కిందంటే "ఏమే, ఎక్కడ చచ్చినవ్" అని భార్యను కేకేసేవాళ్ళనే చూశాను. నా పెనిమిటి కూడా ఆ బాపతే. కారు కదిలాక, వాడు చేసింది నచ్చినందుకు నా మీద నాకే విసుగు పుట్టింది. ఎంత మంచి తండ్రయినా మగవాడు, రాత్రి డ్యూటీవాడు అని మనసులో గట్టిగా అనుకున్నాను.

రాన్‌ఫర్లీ

మధ్యాహ్నానికి రాన్‌ఫర్లీ అనే చిన్న ఊళ్ళో ఆగాం. నేను చపాతీలు, మామిడికాయ తొక్కు కట్టుకునే వచ్చాను. కానీ టీకొట్టులో కూర్చుని సొంత డబ్బా విప్పితే ఊరుకోరని శ్రీకాంత్ బతిమాలి చీజ్ రోల్స్ తెప్పించాడు. బ్రెడ్డు ముక్కను చాప చుట్టినట్టు చుట్టి, లోపల ఉల్లిపాయ కలిపిన జున్నులాంటిది పూసి, కాల్చి, పైన వెన్న రాసి ఇస్తారు. వేడిగా ఉన్నంతసేపు బాగానే ఉంది. టీ అయిదు డాలర్లు. మా దగ్గర ఆ డబ్బుతో వాడకట్టంతా టీ తాగుతుంది. అంత పెట్టి కొన్న టీలో పాలు ఒక చుక్క, చక్కెర పొట్లం పక్కన. నేను మూడు పొట్లాలు వేసుకుని ఇంకొక మూడు సంచిలో వేసుకున్నాను.

కొట్టు నడిపే మనిషి లావుపాటి ఆడమనిషి, ముంజేతి మీద గులాబీ పచ్చబొట్టు. ఆద్య వాడిపోయి ఉండడం చూసి, అడగకుండానే బొమ్మరింట్లో ఉండేంత చిన్న కప్పులో పాలనురుగు పోసి తెచ్చి ఇచ్చింది. దాన్ని ఫ్లఫీ అంటారు. పిల్లలకు ఉత్తగానే ఇస్తారట. ఆద్య నురుగు నాకుతూ ఆమెతో ఏదో గడగడ చెప్పింది. నాతో మాట్లాడేటప్పుడు ఒక్కో మాటా వెతుక్కుని ఇచ్చే పిల్ల, ఆ భాషలో మాట్లాడేటప్పుడు చేతులూ కళ్ళూ అన్నీ కలిపి మాట్లాడింది. దానికి ఇన్ని మాటలు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

సెయింట్ బాథన్స్

పెద్ద రోడ్డు విడిచి మంచు కొండల వైపు తిరిగి చాలా దూరం పోయాక ఊరు వచ్చింది. ఊరంటే ఒక్కటే వీధి. మట్టి ఇటుకల హోటలు ఒకటి, చెక్కతో కట్టిన పాత తపాలా ఆఫీసు ఒకటి, రేకులతో చేసిన చర్చి ఒకటి. ఆ రేకుల చర్చిని ముక్కలుగా ఇంగ్లండు నుంచి ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారట. ఇంకో నాలుగు ఇళ్ళు. పసుపుపచ్చ ఆకులు రాలుతున్న చెట్లు. ఇంత చిన్న ఊరికి పటం మీద పేరెందుకు పెట్టారో అనిపించింది.

ఒకప్పుడు ఇక్కడ బంగారం తవ్వేవాళ్ళు వేలమంది ఉండేవారట. మేం అద్దెకు తీసుకున్న చిన్న ఇంటి యజమాని మార్గరెట్ చెప్పింది. నా ఈడు మనిషి. పొట్టి జుట్టు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, కోళ్ళ గంపతోనే ఎదురు వచ్చింది. ఆమె చెబుతుంటే శ్రీకాంత్ నాకు తెలుగులో చెప్పాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె నా కళ్ళలోకే చూసింది తప్ప వాడి వైపు చూడలేదు. అది నాకు నచ్చింది.

"సెయింట్ అంటే సాధువు కద. ఆయన ఈడ తపస్సు చేసిండా?" అని అడిగించాను.

మార్గరెట్ పకపక నవ్వింది. ఆ సాధువుది స్కాట్లాండు పక్క ఎక్కడో పాత కాలమట. ఇక్కడికి రానేలేదు. ఆయన పేరున్న పల్లె ఒకటి అక్కడ ఉంది. భూమి కొలవడానికి వచ్చిన దొర ఒకాయన తమ వైపు పల్లె పేరు తెచ్చి దీనికి పెట్టాడట. మా దిక్కు దేవుడు వెలిస్తే ఊరికి పేరు వస్తుంది. వీళ్ళు పేరు ముందు తెచ్చుకున్నారు, సాధువు వెంట రాలేదు. అంత దూరం ఓడలో వచ్చినవాళ్ళు ఇంకేం తెచ్చుకుంటారు పాపం.

"ఆ చెరువు ఉందే, అక్కడ ముందు చెరువు లేదు, గుట్ట ఉండేది" అని కూడా చెప్పింది. గొట్టాలతో నీళ్ళు చిమ్మి గుట్టనంతా కరిగించి బంగారం ఏరుకున్నారట. గుట్ట పోయి గుంత అయ్యింది. గుంత లోతుకు పోయి పోయి, వీధి కూలిపోతుందేమోనని భయపడి ఆపేశారట. తర్వాత నీళ్ళు నిండాయి.

మేం ఎందుకు వచ్చామో శ్రీకాంత్ చెప్పినట్టున్నాడు. ఆమె గంప కింద పెట్టి నా చెయ్యి పట్టుకుంది. మాగ్‌పైలు తన కోళ్ళ గింజలు దొంగతనం చేస్తాయని, చెరువు పక్క పైన్ చెట్ల మీద కాపురం ఉంటాయని, రేపు పొద్దున కోళ్ళకు గింజలు ఆలస్యంగా వేస్తానని, అప్పుడు అవి ఆకలి మీద ఉంటాయని చెప్పించింది. పరాయి దేశం మనిషికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో.

వెళ్ళబోతూ ఆమె ఆద్యను ఏదో అడిగింది. ఆద్య జవాబు చెప్పింది. ఆమె శ్రీకాంత్ వైపు చూసి ఇంకొకటి అడిగింది. వాడు తల దించుకుని కారులో సామాను తీయడానికి పోయాడు.

"ఏమడిగిందే?" అన్నాను పిల్లను.

"సమ్మర్‌ల స్విమ్మింగ్‌కి వస్తవా అన్నది. నేను రాను, ఇండియాకి పోతున్న అన్న. నాన్న కూడానా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"నో అన్న. నాన్నకి డార్క్ అంటే భయం. నా నైట్ లైట్ నాన్నకే ఇచ్చి పోతున్న అని చెప్పిన."

"మీ నాయినకు చీకటంటే భయమా? రాత్రంతా పని చేస్తడు కద."

"ఆడ లైట్స్ ఉంటయ్ కద అమ్మమ్మా. ఇంట్లనే భయం" అంది, నాకు ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

నీలి చెరువు

తెల్లవారకముందే లేచి తలస్నానం చేసి వంట మొదలుపెట్టాను. స్వప్నకు ఇష్టమైనవి మూడు: సర్వపిండి, కోడికూర, పచ్చిపులుసు. బియ్యప్పిండి గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండికి అక్కడి గిన్నె అడుగు మందం సరిపోక ఒకవైపు మాడింది. మాడిన ముక్కే దానికి ఇష్టం, అడుగంటా గీకి తినేది. అందుకని మాడిన ముక్కే పైన పెట్టాను. విస్తరి లేదు కనుక డునెడిన్ ఇంట్లోంచి తెచ్చిన దాని స్టీలు కంచంలోనే వడ్డించాను.

చెరువు చూడగానే కాళ్ళు ఆగిపోయాయి. నీళ్ళు నీలిమందు కలిపినట్టున్నాయి. చుట్టూ తెల్లటి మట్టి గోడలు, వానలకు కోసుకుపోయి గోపురాల్లా నిలబడి ఉన్నాయి. ఇది గుట్ట ఉన్న చోటు అని తెలిసి చూస్తుంటే అందం మీదికి మనసు పోలేదు. ఎంత తీస్తే ఇంత గుంత అవుతుందో అనే చూశాను.

ఒడ్డు పక్క రాతి మీద కంచం పెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డాం. శ్రీకాంత్ చెప్పింది నిజమే. పైన్ కొమ్మ మీద మాగ్‌పైలు ఉన్నాయి. కాకి మెడ మీద సున్నం పోసినట్టున్నాయి. అరుపు మాత్రం కాకి అరుపు కాదు, కూజా వంచితే నీళ్ళు వచ్చే చప్పుడు. అవి కంచాన్ని చూశాయి. మమ్మల్ని చూశాయి. దిగలేదు.

పొద్దు పైకి వచ్చింది. నేను ముందుకు పోయి కొంగు బిగించుకుని చెప్పాను. "స్వప్నా, నేనే వచ్చిన. రంది పెట్టుకోకు. నీ బిడ్డను నా వెంట తోలుకపోత. కండ్లల్ల పెట్టుకుని సాదుత. మంచిగ సదివిపిస్త. తిను బిడ్డా."

ఒక పిట్ట కింది కొమ్మకు దిగింది. అక్కడే ఆగింది.

"నీ సొమ్ములన్ని ఆద్యకే. ఒక్క ఉంగరం కూడ అటిటు పోనియ్య."

పిట్ట రెక్క సర్దుకుంది, అంతే.

ఆద్యను పంపాను. అది కంచం దగ్గర గొంతుక్కూర్చుని, "అమ్మా, ఈట్ చెయ్. సర్వపిండి సూపర్ ఉంది. నేను కొంచెం టేస్ట్ చేసిన, సారీ" అని చెప్పి పరుగెత్తుకు వచ్చింది. పిట్ట ముట్టకముందే తినడం ఎంత తప్పు! ఇంకోరోజయితే వీపు పగిలేది.

శ్రీకాంత్ పోయి నిలబడ్డాడు. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, "స్వప్నా, అత్తమ్మ ఆద్యను మంచిగ చూసుకుంటది. నేను... నేను గూడ మంచిగనే ఉంట" అన్నాడు. కింది కొమ్మ మీది పిట్ట ఎగిరి మళ్ళీ పైకొమ్మ మీదికి పోయింది.

మధ్యాహ్నమైంది. గాలి చల్లబడింది. కూర మీద నూనె గడ్డకట్టింది. ఆద్య ఆకలికి తాళలేక తండ్రి కోటు లోపలికి దూరి కూర్చుంది. మేం ముగ్గురం ఒక బండ మీద కూర్చున్నాం.

మా వాడకట్టులో ఒక ముసలాయన పోయినప్పుడు ఇలాగే కాకి రాలేదు. పెద్దకొడుకు అన్నీ చెప్పాడు. బావి తవ్విస్తానన్నాడు, గుడికి ఇస్తానన్నాడు. తగాదా పడి ఇంట్లోంచి వెళ్ళగొట్టిన తమ్ముడు దూరంగా వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. వాణ్ణి ఇంట్లోకి రానిస్తామన్న మాట ఒక్కటే మిగిలిందని అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దకొడుకుకూ తెలుసు. తెలిసే చెప్పలేదు. పిట్ట ముందు చెబితే చేయక తప్పదు మరి.

ఏ మాట మిగిలిందో నాకూ తెలుసు. నిన్న దారి పక్కన ఆ దోసిలి చూసినప్పుడే తెలిసింది. తెలిసే నోరు మూసుకున్నాను. ఆ మాట అంటే పిట్ట ఎక్కడ దిగుతుందోనని భయపడ్డాను. మా ఇంట్లో ఆద్య కోసం అప్పటికే చిన్న మంచం చేయించి పెట్టాను. బడిలో మాట్లాడి పెట్టాను. ఆద్య నవ్వితే కింది పెదవి ఒకవైపుకు పోతుంది, అచ్చం స్వప్నలాగే. స్వప్నలో ఇక ఈ భూమ్మీద మిగిలింది ఆ పెదవే.

చివరికి వాణ్ణే అడిగాను. "నువ్వు ఎందుకురా 'నీ ఇష్టం' అన్నవ్? బిడ్డను తోలుకపోత అంటే ఒక్క మాటన్న అడ్డం చెప్పకపోతివి?"

వాడు పిల్ల తల మీద కోటు కప్పి, చెరువునే చూస్తూ చెప్పాడు. "ఏమని చెప్పాలె అత్తమ్మా? నీకున్న ఒక్క బిడ్డను నా చేతుల పెట్టినవ్. మంచిగ చూసుకుంట అని ఈడికి తోలుకొచ్చిన. కాపాడలేకపోయిన. నీ బిడ్డను నీకు తిరిగి ఇయ్యలేకపోయిన. ఇప్పుడు నువ్వు ఈ బిడ్డను అడుగుతున్నవ్. ఏ మొఖం పెట్టుకొని లేదంట?"

"పిచ్చి మాటలు మాట్లాడకు. రోగం తీసుకపోయింది దాన్ని. నువ్వా?"

"తెలుసు. తెలిసినా గట్లనే అనిపిస్తది."

బరువు దించుకుంటున్నాడనుకున్నాను నేను. వాడు నాకు బాకీ ఉన్నాననుకుని తన ప్రాణం కోసి ఇవ్వడానికి సిద్ధమయ్యాడు. ఒక సంవత్సరం పాటు ఫోనులో రోజూ మాట్లాడినా, ఈ ముక్క వాడు చెప్పలేదు, నేను అడగలేదు.

కంచం వైపు పోలేదు. స్వప్న పేరు ఎత్తలేదు. పిట్ట కోసం చెప్పినట్టు కాకూడదని, కూర్చున్న చోటు నుంచే, వాడికే చెప్పాను.

"పగటి డ్యూటీ అడిగితే ఇస్తరా?"

"ఇస్తరు అత్తమ్మా. జీతం తగ్గుతది."

"తగ్గనీ. బిడ్డ నీ దగ్గర్నే ఉంటది."

వాడు నా వైపు తిరిగాడు.

"టికెట్ పైసలు తిరిగి రావు అత్తమ్మా" అన్నాడు. ఇంకేం అనాలో తెలియక అన్న మాట.

"పోతే పోనీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు స్వప్న ఉంటే ఎంత నవ్వేదో.

కోటులోంచి ఆద్య తల బయటికి పెట్టింది. "నేను ఇండియాకి పోవద్దా?"

"సెలవులల్ల రా. మీ నాయినను తోలుకొని రా."

"మరి నువ్వు? నీకు డార్క్ అంటే భయం లేదా?"

"నాకేం భయమే" అన్నాను.

మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాను. గట్టు ఎక్కి ఊరి వైపు నడిచాను. వెనక రెక్కల చప్పుడు లాంటిది వినపడింది. గాలి కూడా వీస్తోంది కనుక గాలే కావచ్చు. ఆద్య వాళ్ళ భాషలో తండ్రికి ఏదో గట్టిగా చెప్పింది. నేను వెనక్కి తిరగలేదు. ఆ మాటకు అర్థం ఏమిటని తర్వాత కూడా అడగలేదు.

భోజనం

ఇంటికి వచ్చి, మిగిలిన కూర వేడి చేసి, బల్ల వద్దని చెప్పి నేల మీదే దుప్పటి పరిచి ముగ్గురికీ వడ్డించాను. ముందు శ్రీకాంత్‌కు పెట్టాను. వాడు కంచం ముందు చేతులు పెట్టుకుని నా వైపు చూశాడు. పిట్ట ముట్టిందో లేదో నేను అడిగితే చెబుదామని ఆగినట్టున్నాడు.

"తిను" అన్నాను.

వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"తిను బిడ్డా, చల్లగైతది."

ఆద్య తన కంచం వదిలేసి వాడి కంచంలోకే చెయ్యి పెట్టింది. వాడు కోడిముక్కను ఎముక తీసి, చిన్నగా తుంచి, కారం తగలకుండా వట్టి అన్నంలో ముంచి పెట్టాడు. ఒక ముద్ద దానికి, ఒక ముద్ద తనకు. పిల్ల నములుతూ బడి సంగతులేవో చెప్పుకుపోయింది. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. అర్థమైనట్టే తల ఊపుతూ, నా కంచంలో ఉన్నదంతా తిన్నాను.